బియ్యానికి మీసాలున్నాయా?

మొన్న పాత ఫ్రిజ్ ఒకటి ధర్సీవా అనే ఊరికి తీసుకెళ్లాల్సి వచ్చింది. వ్యానులో దాన్ని కట్టడానికి తాడు చాలక టాటీబంధ్ చౌరస్తాలో ఆగాం. లారీలకు గొలుసులు, తార్పాలిన్లు అమ్మే దుకాణమది. దుకాణదారు కొత్త మోకు చుట్ట ఒకటి తెచ్చి నా కాళ్ల ముందు దబ్బున పడేశాడు. కొబ్బరి పీచు వాసన గుప్పుమని తగిలింది. అంతే, చౌరస్తాలోని హారన్లన్నీ ఎటు పోయాయో తెలియదు. నేను మళ్లీ పదకొండేళ్ల పిల్లనై, రైల్వే మైదానంలో నీళ్ల ట్యాంకు వెనక దాక్కుని, మా అమ్మ ఓడిపోవాలని దేవుడికి దండం పెట్టుకుంటున్నాను.

"ఏటే, అలా నిలబడిపోనావు?" అంది అమ్మ వ్యానులోంచి.

ఏం చెప్పను? నీ ఓటమి కోసం మొక్కిన రోజు గుర్తొచ్చిందే అని చెప్పనా?

ఛత్తీస్‌గఢ్ కొత్త రాష్ట్రమైన కొత్తలో సంగతి అది. నాన్న వ్యాగన్లు బాగుచేసే కార్ఖానాలో ఫిట్టరు. డబ్ల్యూఆర్ఎస్ కాలనీలో మా క్వార్టరు. పొద్దున్నే కార్ఖానా భోంపూ మోగితే సైకిళ్లన్నీ ఒకేసారి కదిలేవి. మళ్లీ భోంపూ మోగితే అవే సైకిళ్లు ఇనుము వాసనతో, గ్రీజు వాసనతో తిరిగొచ్చేవి. ఎండాకాలమైతే కూలర్లలో తడిసిన వట్టివేళ్ల వాసన వీధంతా పరుచుకునేది. మాది తెలుగు లైను. మా పెరటి గోడ దాటితే హిందీ లైను. ఏ కాగితం మీదా ఆ పేర్లు లేవు, అయినా కాలనీలో పిల్లి కూడా ఏ లైను పిల్లో చెప్పేవాళ్లం.

మా అమ్మ పెళ్లయ్యి శ్రీకాకుళం జిల్లా నుంచి వచ్చింది. బజారులో బేరమాడేంత హిందీ నేర్చుకుంది. ఒక్కచోట మాత్రం బండి పట్టాలు తప్పేది. హిందీలో ప్రతి వస్తువూ ఆడదో మగదో అయి తీరాలి. మగవాడు వస్తే 'ఆయా', ఆడది వస్తే 'ఆయీ'. రైలు ఆడది, ట్రక్కు మగది. ఎందుకని అడిగితే చెప్పేవాడు లేడు. అమ్మ ఆ తలనొప్పి అంతా ఒక్క దెబ్బకు వదిలించుకుంది. ఆమె హిందీలో లోకమంతా ఆడదే. పాలవాడు ఆయీ, ట్రక్కు ఆయీ, కరెంటు ఆయీ.

ఇంట్లో ఉన్నంతసేపు ఇది మాకు నవ్వులాట. బడికి వచ్చాక నా ప్రాణం మీదికొచ్చింది. ప్రోగ్రెస్ కార్డు మీద సంతకం చేయడానికి నాన్న వెళ్లిన రోజున హిందీ మాస్టారు సెలవు. మర్నాడు అమ్మ నన్ను చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి, క్లాసు గుమ్మంలో నిలబడి, ఎంతో మర్యాదగా చెప్పింది: "గురూజీ, ఇస్‌కీ పాపా కల్ ఆయీ థీ. ఆప్ నహీ థీ." దీని నాన్న నిన్న వచ్చారు, మీరు లేరు అని.

ఒక్క మాటతో మా నాన్నా, మీసాల గురూజీ ఇద్దరూ ఆడవాళ్లైపోయారు. క్లాసంతా బల్లలు చరుస్తూ నవ్వింది. గురూజీ పాపం నవ్వు ఆపుకోవాలనే చూశాడు, మీసం కింద పెదవి మాట వినలేదు. ఆ రోజు నుంచి నా పేరు 'పాపా ఆయీ'. పిట్టూల్ ఆటలో రాళ్లు పేర్చేటప్పుడు పాపా ఆయీ, కుళాయి దగ్గర పాపా ఆయీ. ఒక సాయంత్రం అమ్మ సందులోంచి నన్ను పిలిస్తే, పక్కన స్నేహితురాళ్లున్నారని, వినపడనట్టు నడుచుకుంటూ పోయాను. అమ్మ రెండోసారి పిలవలేదు. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ నా మొహం వేడెక్కుతుంది.

అమ్మకు నేనే హిందీ నేర్పుతానని పూనుకున్నాను. ఒక మధ్యాహ్నం ఆమె నిద్రపోతుండగా సుద్దముక్క తీసుకుని వంటిల్లంతా రెండుగా విడగొట్టాను. పప్పు డబ్బా మీద 'ఆ', బియ్యం డబ్బా మీద 'మ'. చింతపండు ఆడది, బెల్లం మగది. మిరపకాయ ఆడది, ఉప్పు మగది. మూకుడు ఆడది, పెనం మగది. మా మామ్మ, అంటే నాన్న వాళ్లమ్మ, గడప మీద కూర్చుని నా పని అంతా చూస్తోంది.

"ఏటే గుంటా, ఆ రాతలేటి?"

చెప్పాను.

"బియ్యం మగోడా?" మామ్మ కళ్లు పెద్దవి చేసింది. "బియ్యానికి మీసాలున్నాయేటే?"

ఆ గోలకు అమ్మ లేచింది. డబ్బాలన్నీ ఒకసారి చూసింది. కోప్పడుతుందనుకున్నాను. గంభీరంగా అడిగింది, "పప్పు ఆడది, అన్నం మగోడు. మరి పప్పన్నం కలిపినాక ఏటవుద్ది?"

"సంసారం అవుద్ది," అంది మామ్మ. ఇద్దరూ కొంగులు నోట్లో కుక్కుకుని నవ్వారు. నాకు మాత్రం ఏడుపొచ్చింది.

పెరుగు దగ్గర నా పాఠం పూర్తిగా చెడింది. పుస్తకంలో 'దహీ' మగది. పాలవాణ్ణి అడిగితే ఆడదన్నాడు. గురూజీని అడిగితే పుస్తకమే ఒప్పన్నాడు గానీ, ఆయన భార్య మాత్రం ఆయన ముందే 'దహీ ఖట్టీ హై' అంది, ఆడదన్నట్టే. పెరుగు డబ్బా మీద 'మ' రాసి, చెరిపి, 'ఆ' రాసి, చెరిపి, చివరికి ఏమీ రాయకుండా వదిలేశాను.

"అసలు అందరూ ప్రతిదాన్నీ రెండు ముక్కలు ఎందుకు చేస్తారు మామ్మా?" అన్నాను విసిగిపోయి. ఆ మాటకొస్తే మామ్మ తక్కువ తిన్నదేమీ కాదు. ఆమె లెక్కలో తిండంతా వేడి చేసేది, చలవ చేసేది. మనుషులంతా మనోళ్లు, పైవోళ్లు.

మామ్మ తన రెండు అరచేతులూ చాపి నా ముందు పెట్టింది. "దేవుడు రెండు సేతులే ఇచ్చినాడమ్మా. ఒక సేతిలో ఇది, ఇంకో సేతిలో అది. మూడోది పట్టుకోడానికి సెయ్యి నేదు."

చాలా తెలివైన జవాబనిపించింది. ఇప్పటికీ అలానే అనిపిస్తుంది. కాకపోతే దానికి రెండో సగం ఒకటుందని ఆ వేసవిలోనే తెలిసింది.

మా పెరటి గోడకు అవతల, హిందీ లైనులో మొదటి క్వార్టరులో ధర్సీవా కాకీ ఉండేది. ఛత్తీస్‌గఢీ వాళ్లలో కోడళ్లను పుట్టింటి ఊరి పేరుతో పిలుస్తారు. ధర్సీవా పిల్ల కాబట్టి పెద్దవాళ్లకు ధర్సీవహిన్, మాకు ధర్సీవా కాకీ, అంటే పిన్ని. నల్లగా, పొట్టిగా, బిగించి కట్టిన చీరతో, మోచేతి పైన పచ్చబొట్లతో ఉండేది. కాలనీకొచ్చి ఏడాదైనా ఆమెతో ఎవరూ పెద్దగా కలవలేదు.

ఒకరోజు పొద్దున్నే అమ్మ వెనక గుమ్మంలో కూర్చుని చద్దన్నం తింటోంది. చాటుగా తినేది, ఎందుకంటే కాలనీలో గొప్పవాళ్లంతా పొద్దున్నే పరాఠాలు తింటారు. పచ్చి ఉల్లిపాయ కొరికిన చప్పుడైంది. మరుక్షణం గోడ అవతల కూడా అదే చప్పుడు! అమ్మ మునివేళ్ల మీద లేచి చూసింది. కాకీ కూడా కంచుగిన్నెలో నీళ్లన్నం పెట్టుకుని, చేతిలో ఉల్లిపాయతో, దొంగలా కూర్చుని ఉంది.

"బాసీ," అంది కాకీ గిన్నె చూపించి.

"చద్దన్నం," అంది అమ్మ తన గిన్నె చూపించి.

ఆ రోజు నుంచి మాగాయ ముక్క గోడ దాటి అటు వెళ్లేది, టమాటా పచ్చడి గోడ దాటి ఇటు వచ్చేది. నాకు అంతకంటే పెద్ద వింత ఇంకోటి దొరికింది. కాకీకి కూడా హిందీ రాదు! ఆమె హిందీలో లోకమంతా మగది. కూతురొచ్చినా 'మేరా బేటీ ఆయా', ఆవొచ్చినా 'గాయ్ ఆయా'. అమ్మా, ఆమే మాట్లాడుకుంటుంటే ఒకే ఆవు ఒక్క నిమిషంలో ఆడదీ మగదీ అయ్యేది, అయినా ఆవు గురించి ఇద్దరికీ అంతా అర్థమయ్యేది. నేను ఉండబట్టలేక కాకీ తప్పు దిద్దబోతే పకపకా నవ్వింది. "హమర్ భాఖా మా దూనో ఏకే హే, నోనీ." మా భాషలో రెండూ ఒకటే, చిట్టితల్లీ, అని. మొగుడొచ్చినా 'ఆథే', పెళ్లామొచ్చినా 'ఆథే'. అంతకుముందు హిందీ లైనంటే ఒకటే ముద్ద అనుకునేదాన్ని.

అంతలో రైల్వే వారోత్సవాల ఆటల పోటీలు వచ్చాయి. మగవాళ్ల క్రికెట్టు ఎవడిక్కావాలి, కాలనీ అంతా ఎదురుచూసేది ఆడవాళ్ల మోకు లాగుడు కోసం. తెలుగు లైను ఎనిమిది మంది, హిందీ లైను ఎనిమిది మంది. నాకు గుర్తున్నంతవరకు మా వాళ్లు గెలిచింది లేదు. అవతల గార్డు గారి భార్య ఉండేది. ఆమె మడమలు నేలలో దిగేస్తే ఇంజను కావాల్సిందే. ఇంకో ఆచారం కూడా ఉండేది. గెలిచిన జట్టు నాయకురాలు మైకులో నాలుగు మాటలు మాట్లాడాలి. మైకు పట్టుకునేది మా గురూజీ. ఆ ఏడు మా లైను ఆడవాళ్లు అమ్మను నాయకురాలిగా ఎన్నుకున్నారు.

ఇక నాకు నిద్ర పడితే ఒట్టు. గెలిస్తే అమ్మ మైకులో హిందీ మాట్లాడుతుంది, బడి అంతా అక్కడే ఉంటుంది. ఓడితేనే నా పరువు నిలుస్తుంది. అందుకని హనుమంతుడికి అయిదు ప్రదక్షిణలు మొక్కాను, అమ్మ ఓడిపోవాలని.

నా మొక్కు ఫలించేటట్టే కనిపించింది. మా జట్టులో ఒకామె చెల్లెలి పురిటికని పుట్టింటికి వెళ్లింది. ఏడుగురే మిగిలారు. పేర్లు రాసుకునే గుమాస్తా బాబు వచ్చి కాగితం మధ్య గీత గీసి, ఇటు తెలుగు, అటు హిందీ అని రాశాడు. హిందీ వైపు ఎనిమిది మందీ అప్పటికే నిండిపోయారు. ధర్సీవా కాకీ తలమీది కొంగు సర్దుకుంటూ అడిగింది, "మంయ్ కోన్ కోతీ ఖడే హోహుం?" నేను ఎటు పక్క నిలబడాలి?

బాబు కాగితం అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. ఆ మట్టిలో పుట్టిన మనిషికి ఆ కాగితంలో చోటు లేదు.

"ఇటు," అంది అమ్మ. "మన వైపు."

మా లైనులో పెద్దావిడ అమ్మ చెవిలో గొణిగింది. "ఆవిడ మనావిడ ఎలా అవుద్దే? మాటే అర్థం కాదు."

"మోకు లాగడానికి ఏ బాసైతే ఏటి పిన్నీ? ఆవిడ సేతులు సూసినావా?"

నిజమే, అందరూ అప్పుడే చూశారు. ధర్సీవాలో చిన్నప్పటి నుంచి బావి నీళ్లు తోడిన చేతులు, వడ్ల బస్తాలు ఎత్తిన చేతులు. ఆ సాయంత్రం నుంచే మా పెరటి వేపచెట్టుకు మోకు కట్టి సాధన మొదలైంది. నాన్న కార్ఖానా నుంచి రాగానే మడత కుర్చీలో కూర్చుని సలహాలివ్వబోయాడు. కాకీ ఒక్కసారి లాగి చూపించాక నోరు మూసుకుని టీ తాగాడు. ఆమె చెప్పింది ఒక్కటే, "హాథ్ లే నహీ, కనిహా లే." చేతులతో కాదు, నడుముతో. వెనక్కి వాలాలి, కూర్చున్నట్టు వాలి మడమ తన్నాలి.

చిక్కంతా పిలుపు దగ్గర వచ్చింది. ఏడుగురు 'ఒకటి, రెండు' అంటుంటే కాకీకి అడుగు తప్పేది. కాకీ 'ఏక్, దూ' అంటే పెద్దావిడకు తప్పేది. ఒకరు లాగేటప్పుడు ఇంకొకరు వదిలేసేవారు. మామ్మ గడప మీద చింతపండు గింజలు తీస్తూ చూసి చూసి, చిరాకొచ్చి అరిచింది. "ఒలమ్మ, మా ఊళ్లో వలలు లాగినోళ్లు ఒకట్లు రెండ్లు లెక్కెట్టినారేటే? హైలెస అనండే!"

కాకీ మొహం వెలిగిపోయింది. ఆ మాట ఆమెకు ఎవరూ అర్థం చెప్పనక్కర్లేకపోయింది. బరువెత్తే ప్రతివాడి నోటా ఏదో రూపంలో ఉండే మాటే కదా. హైలెస అనగానే ఎనిమిది నడుములు ఒక్కసారి వాలాయి. వేపచెట్టు ఊగి పూత జలజలా రాలింది. నాకు మాత్రం గుండెల్లో రాయి పడింది. వీళ్లు గెలిచేటట్టున్నారు!

పోటీ రోజున మైదానమంతా తిరునాళ్లే. మధ్యలో సున్నం గీత, మోకు నడుమ ఎర్ర గుడ్డ. నేను నీళ్ల ట్యాంకు వెనక. మొదటి లాగుడు వాళ్లు గెలిచారు. హనుమంతుడు నా మాట వింటున్నాడనుకున్నాను. రెండోది మా వాళ్లు గెలిచారు. గార్డు గారి భార్య నవ్వుతూ అరచేతులకు మట్టి రుద్దుకుంది.

మూడోసారి ఎర్ర గుడ్డ కదలలేదు. ఎంతసేపో తెలియదు, గీత మీదే వణుకుతూ నిలబడింది. అమ్మ అందరికంటే ముందుంది. మెడ నరాలు పొంగాయి, జుట్టు ముడి ఊడింది, చెప్పుల్లేని కాళ్లు ఎర్రమట్టిలో ఒక్కో అంగుళం ముందుకు జారుతున్నాయి. వెనక చివర కాకీ మోకును నడుముకు చుట్టుకుని దాదాపు నేలకు ఆనుకుని ఉంది. అమ్మ నోరు తెరిచి హైలెస అనబోయింది. ఊపిరి చాలలేదు. మాట రాలేదు. ఎర్ర గుడ్డ అటు జరిగింది, ఇంకాస్త జరిగింది.

నేను కోరుకున్నది కళ్ల ముందే జరుగుతోంది. చూడలేకపోయాను.

ట్యాంకు వెనక నుంచి ఎప్పుడు బయటికొచ్చానో తెలియదు. గీత దాకా పరుగెత్తి, "అమ్మా! హైలెస!" అని గొంతు చించుకుని అరిచాను. బడి పిల్లలంతా తిరిగి చూశారు. చూడనీ! మళ్లీ అరిచాను. "హైలెస!" కాకీ అందుకుంది, పెద్దావిడ అందుకుంది, ఎక్కడో వెనక నుంచి మామ్మ బోసినోరు కూడా అందుకుంది. ఎనిమిది నడుములు వేపచెట్టు దగ్గర వాలినట్టే వాలాయి. ఎర్ర గుడ్డ ఆగింది, వెనక్కి మళ్లింది, గీత దాటింది. ఎదుటి జట్టంతా ఒకరి మీద ఒకరు పడ్డారు. మా వాళ్లు కూడా వెల్లకిలా పడ్డారు. ఎవరు గెలిచారో, ఎవరు ఓడారో ఒక నిమిషం తెలియలేదు. పదహారు మందీ మట్టిలో పడి నవ్వుతున్నారు. అమ్మను చెయ్యిచ్చి లేపింది గార్డు గారి భార్యే.

గురూజీ మైకు తెచ్చి అమ్మ ముందు పెట్టాడు. నేను అమ్మ కొంగు పట్టుకుని నిలబడ్డాను. నవ్వితే నవ్వనీ అనుకున్నాను. అమ్మ ఆయాసపడుతూ చెప్పింది.

"హమ్ సబ్ ఆయీ. రస్సీ ఖీంచీ. హమ్ సబ్ జీతీ."

మేమంతా వచ్చాం, తాడు లాగాం, మేమంతా గెలిచాం. ఎవరో ఒకడు అలవాటుగా కిసుక్కుమన్నాడు. గురూజీ మైకు తన వైపు తిప్పుకుని, వేలెత్తి వాణ్ణి చూపించాడు. "నవ్వకు. వచ్చింది ఆడవాళ్లు, గెలిచింది ఆడవాళ్లు, తాడు కూడా స్త్రీలింగమే. బిల్కుల్ శుద్ధ్ హిందీ!" అన్నాడు.

బిల్కుల్ శుద్ధ్, అంటే ఒక్క తప్పూ లేదని! చప్పట్లు మోగిపోయాయి. మా అమ్మ ఉన్నచోటునే ఉంది, ఆమె తప్పు కూడా ఉన్నచోటునే ఉంది. లోకమే ఆ రోజుకు నడిచొచ్చి ఆమె వ్యాకరణంలో నిలబడింది. నేను ఎగిరి అమ్మ మెడకు చుట్టుకుని, వినపడేలా, హిందీలోనే అరిచాను. "యే మేరీ మమ్మీ హై!"

బహుమతిగా వచ్చిన స్టీలు బకెట్లు మోసుకుంటూ అందరూ సందులోకి వచ్చేసరికి మామ్మ ముందే చేరి గుమ్మంలో నిలబడింది. "వచ్చారు, వచ్చారు!" అని నాన్నకు కేకేసింది. ఆ మాట వినగానే నా బుర్రలో ఏదో టక్కుమంది. అమ్మ ఒక్కతే బజారు నుంచి వస్తే మామ్మ ఎప్పుడూ 'వచ్చింది' అనేది. గేదె వచ్చినా వచ్చింది, లారీ వచ్చినా వచ్చింది. హిందీని అన్ని మాటలన్నాను గానీ, మా తెలుగూ మనిషిని నిలబెట్టే చోట తెలివిగానే గీత గీసింది. నాన్నొక్కడు వచ్చినా 'వచ్చాడు'. అమ్మొక్కతే వస్తే గేదె పక్కన, లారీ పక్కన. అదే అమ్మ నలుగురితో కలిసి వస్తే 'వచ్చారు', మనుషుల పక్కన. గీత రాతి మీద లేదు. సున్నంతో గీసిందే. నలుగురు కలిసి లాగితే జరుగుతుంది.

అది చెప్పడం అప్పుడు చేతకాలేదు. మామ్మ దగ్గరికెళ్లి అడిగాను. "రెండు చేతుల్లో రెండన్నావు కదా. మోకు పట్టుకుంటే రెండు చేతుల్లోనూ ఒకటే ఉంది కదే?"

మామ్మ తన చేతులు అటూ ఇటూ తిప్పి చూసుకుంది. "అవునమ్మా. బరువైంది పట్టుకోవాలంటే రెండు సేతులూ దానికే కావాల," అంది. తర్వాత కాకీకి మొదటిసారి మా వంటింట్లో పీట వేసి, తన చేత్తో పప్పన్నం కలిపి పెట్టింది. డబ్బాల మీద నా సుద్ద అక్షరాలు ఇంకా ఉన్నాయి. ఎవరూ చదవలేదు.

ఆ లైన్లు ఇప్పుడు లేవు. మా పాత క్వార్టర్లు కూలగొట్టారు, వేపచెట్టు ఎక్కడుండేదో కూడా ఖచ్చితంగా చూపించలేను. మామ్మ లేదు. కాకీ పుట్టినూరికే వెళ్లి ఇల్లు కట్టుకుంది. ఆ ఇంటికే ఈ ఫ్రిజ్.

టాటీబంధ్‌లో వ్యాను డ్రైవరు కొత్త మోకును ఫ్రిజ్ చుట్టూ తిప్పి బిగిస్తున్నాడు. ముడి జారిపోతోంది. అమ్మ దిగి, కొంగు బొడ్లో దోపుకుని, మోకు కొస పట్టుకుంది. నేను వెళ్లి ఆమె వెనక నిలబడ్డాను. డ్రైవరు మా వెనక చేరాడు. "హైలెస!" అంది అమ్మ. ముడి బిగిసింది.

అప్పుడే కాకీ ఫోను. ఎవరెవరు వస్తున్నారని అడిగింది కాబోలు. అమ్మ గట్టిగా చెప్పింది, "హమ్ సబ్ ఆయీ!"

డ్రైవరు చేతులు దులుపుకుంటూ నవ్వాడు. "మై భీ ఆయీ క్యా, అమ్మా?"

అమ్మ అతణ్ణి ఎగాదిగా చూసింది, మీసాలతో సహా.

"హా," అంది. "తుమ్ భీ ఆయీ. బండి తియ్యి."